సగం బానెట్

“తాళంచెవి ఇటివ్వు,” అన్నాడు మేస్త్రి, మూడోసారి.

వదిన పొయ్యి మీద టీ పొంగబోతుంటే మంట తగ్గించింది. తాళంచెవి ఆమె ఎడమ పిడికిట్లో ఉంది. నిన్న సాయంత్రం షెడ్డుకు తాళం వేసినప్పటి నుంచీ అక్కడే ఉంది. నిద్రలో కూడా పిడికిలి సడలినట్టు లేదు, అరచేతిలో దాని పళ్ళ అచ్చు ఎర్రగా దిగిపోయింది.

“నిన్నే. పదింటికి మేనేజరు వస్తాడు. ఇప్పుడు ఏడైంది.”

“నాకూ గడియారం చూడటం వచ్చు.”

“పన్నెండింటికి లాయరమ్మ కారు కోసం వస్తుంది. కారేమో నువ్వు తాళం వేసిన షెడ్డులో ఉంది. నన్నేం చెయ్యమంటావు?”

“నిన్న నేను చెప్పింది చెయ్యి.”

మేస్త్రి ఏదో అనబోయాడు, దగ్గు అడ్డమొచ్చింది. పొడి దగ్గు. మొదలైతే ఓ పట్టాన ఆగదు. గుమ్మం పట్టుకుని వంగిపోయాడు. వదిన గ్లాసుతో నీళ్ళు తెచ్చి అతని చేతికిచ్చింది. నీళ్ళయితే ఇచ్చింది కానీ తాళంచెవి ఇవ్వలేదు.

మేస్త్రికి భార్యే అయినా వీధి మొత్తానికీ ఆమె వదినే. మరిది పొద్దస్తమానం “వదినా, వదినా” అని ఇల్లెగిరిపోయేలా కేకలేస్తుంటాడు. విని విని ముందు పక్కింటి పిల్లలు, తర్వాత పాలవాడు, చివరికి కార్లు తెచ్చే ఆసాములు కూడా ఆ పిలుపుకే అలవాటుపడ్డారు. ఆ ఆసాముల్లో ఒక్కరికీ తెలియని సంగతి ఒకటుంది.

అన్నదమ్ములిద్దరి షాపు మెయిన్ రోడ్డు మీద ఉంది. సొట్టలు తీసేది మరిది, రంగు కొట్టేది మేస్త్రి. కానీ రంగు కొట్టిన ప్రతి కారూ ఇంటి వెనక రేకుల షెడ్డుకు వచ్చి రెండు రోజులు ఉండి వెళ్ళాలి. ఆరడానికి, అంటాడు మేస్త్రి. “ఆ షెడ్డులో గాలి వేరండీ, రంగుకు భలే పడుతుంది” అని పదకొండేళ్ళుగా చెప్పీ చెప్పీ, ఇప్పుడు ఆ గాలి కోసమే దూరాభారం పడి కార్లు తెచ్చేవాళ్ళు తయారయ్యారు. గాలీ లేదు, గాడిద గుడ్డూ లేదు. లోపల తలుపు వేసుకుని కారును అద్దంలా పాలిష్ చేసేది వదిన.

మేస్త్రి రంగు కొట్టడంలో మొనగాడే, అందులో అబద్ధం లేదు. పాలిష్ దగ్గరే అతని చెయ్యి మొరటు. మొదట్లో ఒకసారి అతను పాలిష్ చేసిన ఎర్ర కారును ఎండలోకి తియ్యగానే ఒళ్ళంతా సాలెగూళ్ళు పట్టినట్టు గుండ్రటి గీతలు తేలాయి. ఆసామి నానా రభస చేశాడు. ఆ మధ్యాహ్నం వదిన పాత బనియను ముక్కతో ఓ మూల రుద్ది చూసింది. గీతలు పోయాయి. అలా మొదలైంది.

ఏడేళ్ళ కిందట షాపుల సంఘం వాళ్ళు సభ పెట్టి, మెరుపు పనిలో ఇతన్ని మించినవాడు లేడని మేస్త్రి వేలికి లావుపాటి ఉంగరం తొడిగారు. వదిన వెనక వరుసలో కూర్చుని అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది. ఆ రోజు ఆమెకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే గర్వంగానే ఉంది.

కోపం నిన్న వచ్చింది.

నిన్న సాయంత్రం టీ తాగుతూ మేస్త్రి ఆ కబురు చెప్పాడు. పెద్ద షోరూంలో పాలిష్ సెక్షనుకు హెడ్డుగా రమ్మంటున్నారు. చల్లటి హాలు, రంగు పొగ ఉండదు. ఇంకో రెండేళ్ళు స్ప్రే పట్టుకుంటే ఊపిరితిత్తులు చేతులెత్తేస్తాయని డాక్టరు చెప్పి నెలైంది. దేవుడు ఇటు తలుపు మూసి అటు తెరిచాడన్నాడు మేస్త్రి. కాకపోతే మేనేజరు ఇంటికొచ్చి కళ్ళారా పని చూస్తానన్నాడట.

“అయితే నువ్వు స్ప్రే మానెయ్,” అంది వదిన వెంటనే. “ఇంట్లో ఉండి ఒళ్ళు బాగుచేసుకో. ఆ పనికి నేను వెళ్తాను.”

మేస్త్రి నవ్వాడు. కసిగా కాదు, వెటకారంగానూ కాదు. మంచి జోకు విన్నవాడిలా హాయిగా నవ్వాడు. అన్న నవ్వాడు కదా అని మరిదీ నవ్వాడు. వదిన కప్పు కింద పెట్టి, వెనక్కి వెళ్ళి, షెడ్డుకు తాళం వేసుకొచ్చింది.

*

“ఏంట్రా పొద్దున్నే ఈ గోల?” అంటూ అత్తగారు తన గదిలోంచి వచ్చింది. ఆవిడకు గోల ఏమిటో నిన్నటి నుంచే తెలుసు.

“నువ్వైనా చెప్పమ్మా దీనికి,” అన్నాడు మేస్త్రి.

“అమ్మాయ్, వాడి ఊపిరి సంగతి నీకు తెలియంది కాదు. ఈ ఒక్క పూట గడవనివ్వు. మగాడి పేరు నిలబడితే ఇల్లు నిలబడుతుంది.”

“ఇల్లు నిలబడింది నా మోచేతుల మీద అత్తయ్యా. చూడండి.” వదిన చేతులు మడిచి చూపించింది. రెండు మోచేతులూ కాయలు కాసి నల్లబడి ఉన్నాయి. “ఆయన ఊపిరి నాకు అక్కర్లేదా? అందుకే కదా ఆ పొగలోకి వెళ్ళొద్దంటున్నాను. నేను వెళ్తే ఆయన ఊపిరీ నిలుస్తుంది, ఇల్లూ నిలుస్తుంది. పడిపోయేది పేరొక్కటే. అదీ ఆయనది కాదు.”

“ఆడది సంపాదించి తెస్తే మొగుడు కూర్చుని తింటాడా? నలుగురూ ఏమనుకుంటారు?”

“కూర్చునే తినమనండి. వండుకుని తినమనండి, అంతే.”

మూల నిలబడి పళ్ళు తోముకుంటున్న మరిదికి నవ్వొచ్చింది. నురగ మింగాడు. అన్నకీ వదినకీ మధ్య అతని పని అడకత్తెరలో పోకచెక్కే. నిన్న తప్పు చోట నవ్వాడు, ఇవాళ ఒప్పు చోట కూడా నవ్వడానికి ధైర్యం చాలలేదు.

“నేనేం అడిగాను?” మేస్త్రి గొంతు పెంచాడు. “మిగతా కారంతా నువ్వు నిన్ననే చేసేశావు. బానెట్ ఒక్కటే మిగిలింది. ఆయన ముందు దాని మీద నేను రెండు చేతులు ఆడిస్తాను. ఆయన ఉన్నంతసేపూ నువ్వు లోపలుండు. అంతేగా?”

“షోరూంలో చేరాక ఎవరి చేతులు ఆడిస్తావు? నా చేతులు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని వెళ్తావా?”

ఆ సంగతి మేస్త్రి ఆలోచించనే లేదు. ఆలోచించలేదని మొహంలో తెలిసిపోయింది. తెలిసిపోయిందన్న ఉక్రోషంతో నోరు జారాడు.

“ఏముంది అందులో, రుద్దడమేగా! రంగు కొట్టేవాణ్ణి, రుద్దుకోలేనా? ఏదో ఇంట్లో ఖాళీగా ఉంటావు కదా అని ఇన్నాళ్ళూ నీకు వదిలేశాను.”

అత్తగారు కొడుకు వైపు చురుగ్గా చూసింది. మరిది బ్రష్షు నోట్లోనే ఉంచుకుని పెరట్లోకి తప్పుకున్నాడు.

వదిన మొహంలో కోపం కూడా లేకుండా పోయింది. టీ నాలుగు గ్లాసుల్లో పోసింది. పిడికిలి విప్పి, తాళంచెవి మేస్త్రి గ్లాసు పక్కన పెట్టింది.

“ఇదిగో. రుద్దుకో.”

పొద్దుటి నుంచీ తాళంచెవి కోసం పోట్లాడిన మనిషి, అది ఎదురుగా ఉన్నా చాలాసేపు ముట్టుకోలేదు.

*

మేనేజరు చెప్పిన టైం కంటే అరగంట ముందే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. షెడ్డులోకి తొంగి చూసి, “కొంచెం చీకటిగా ఉంది మేస్త్రిగారూ. ఎండలోకి తీయిస్తే పని బాగా కనబడుతుంది,” అన్నాడు.

“దానికేముంది సార్,” అన్నాడు మేస్త్రి.

వంటింటి కిటికీ పెరట్లోకే ఉంటుంది. వదిన దాని దగ్గర స్టూలేసుకుని తన గుడ్డలు మడతపెడుతోంది. దానికేముంది సార్ అన్న మాట వినగానే ఆమె చేతులు ఆగాయి. నల్ల కారు. ఎండలో పావుగంట ఉంటే పెనమే. వేడెక్కిన రేకు మీద పాలిష్ మందు వేస్తే వేసినచోటే ఎండి పిడచకట్టుకుపోతుంది. పదకొండేళ్ళలో ఆమె ఒక్క కారునైనా ఎండలో ముట్టుకోలేదు.

అరవొచ్చు. కిటికీ తీసే ఉంది. అరవలేదు. రుద్దడమేగా, అనుకుంది.

మేస్త్రి గుప్పెడు మందు తీసి బానెట్ మీద పూశాడు. రంగు దగ్గర అలవాటైన చెయ్యి, ఎంత పడితే అంత మంచిదని దాని నమ్మకం. మరిది పాలిష్ మిషను తీగె పట్టుకున్నాడు. మిషను గుయ్యిమంది. నాలుగు తిప్పులు తిరిగేసరికి మందు ఎండి సున్నంలా తెల్లబడింది. మేస్త్రి ఇంకాస్త పూశాడు, ఇంకాస్త గట్టిగా నొక్కాడు. తెల్లటి పొడి ఎగిరి మేనేజరు ఇస్త్రీ చొక్కా మీద వాలింది.

“ఈ మందు మంచి సరుకు కాదు సార్. ఈ మధ్య అన్నీ కల్తీ.”

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది, అనుకుంది వదిన. అనుకుందే కానీ సంతోషం కలగలేదు. మేస్త్రి వీపు చెమటతో తడిసిపోయింది. అతను దగ్గు ఆపుకుంటున్నాడని ఆ వీపు చూస్తేనే ఆమెకు తెలుస్తోంది. ఓడిపోనీ అనుకుంటూ కూర్చున్న మనిషి స్టూలు మీంచి సగం లేచింది.

మేస్త్రి మిషను పక్కన పెట్టి, పొడి తుడవడానికి గుడ్డ అందుకున్నాడు. కంగారులో అది చేతిలోంచి జారి సిమెంటు నేల మీద పడింది. వంగి తీశాడు. రెండుసార్లు దులిపాడు. దానితోనే బానెట్ తుడవబోయాడు.

“ఆ గుడ్డ కింద పడింది!”

అరిచింది తనేనని వదినకు అరిచాక గానీ తెలియలేదు.

మేస్త్రి చెయ్యి ఆగలేదు. అప్పటికే బానెట్ మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క ఊపున తుడిచేశాడు.

వదిన పెరట్లోకి వచ్చింది. ఒక చంకలో గుడ్డల దొంతర, రెండో చేతిలో సబ్బునీళ్ళ బకెట్. లోపలికి వెళ్ళమని మేస్త్రి కళ్ళతోనే చెప్పాడు. ఆమె ఆ కళ్ళను దాటి నేరుగా కారు దగ్గరికి వెళ్ళి, వంగి, బానెట్‌ను పక్కవాటుగా చూసింది.

“మేనేజరుగారూ, ఇలా వంగి చూడండి.”

మేనేజరు వంగాడు. నల్లటి రంగు మీద పక్కపక్కనే మూడు సన్నటి తెల్ల గీతలు. ఇసుక రేణువులు గీసిన గీతలు.

“నేల మీద పడిన గుడ్డ ఎంత దులిపినా మళ్ళీ కారును తాకకూడదు. బకెట్లోకే పోవాలి. వేలికి ఉంగరం ఉన్న చెయ్యీ తాకకూడదు. ఇవి ఈ షెడ్డు రూల్సు. పెట్టింది నేను.”

“మీరెవరమ్మా?”

“మా వదిన సార్,” అన్నాడు మరిది. ఆ జవాబు ఎవరికీ పనికి రాలేదు.

“ఆవిడ అప్పుడప్పుడూ సాయం చేస్తుంటుంది సార్,” అన్నాడు మేస్త్రి తొందరగా.

సాయం. రుద్దడం అన్నప్పటికంటే ఆ మాటే ఆమెను ఎక్కువ కాల్చింది. గుడ్డల దొంతర షెడ్డు గుమ్మంలో ఉన్న స్టాండు మీద పెట్టి, మొగుడి వైపు తిరిగింది.

“పదకొండేళ్ళు నేను చేసింది సాయమా? అయితే ఇప్పుడు నువ్వు నాకు సాయం చెయ్యి. బండి నీడలోకి తొయ్యి.”

అంతలో మరిది మిషను తీగె కింద పడేసి, కారు వెనక్కి వెళ్ళి రెండు చేతులూ ఆన్చాడు. వదిన ముందు డోరు తీసి స్టీరింగు పట్టుకుని నెట్టింది. మేనేజరు ఏమనుకున్నాడో ఏమో, ఫైలు చంకలో పెట్టుకుని తనూ ఓ చెయ్యి వేశాడు. మేస్త్రి మాత్రం దూరంగా నిలబడిపోయాడు.

*

“చల్లారాలి,” అంది వదిన. “అరగంట పడుతుంది.”

“నాకు పన్నెండుకల్లా...”

“తొందరైతే వెళ్ళి రండి. రేకుకు మీ తొందర తెలియదు.”

మేనేజరు వెళ్ళలేదు. అరగంటసేపు ముగ్గురు మగవాళ్ళు షెడ్డులో మూడు దిక్కులు చూస్తూ నిలబడ్డారు. వదిన ఐదు నిమిషాలకోసారి అరచేతి వెనక వైపు బానెట్‌కు ఆన్చి చూస్తోంది, జ్వరం ఉందా అని పిల్ల నుదురు చూసినట్టు. రెండుసార్లు కడిగింది. కడిగాక, పల్చటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని వేళ్ళతో రేకంతా నిమిరింది. కవరు లోంచి ఆవగింజలో సగం మురికి ఉన్నా వేలికి దొరుకుతుంది.

అత్తగారు ట్రేలో టీ పట్టుకొచ్చింది. మొదటి గ్లాసు ఎవరికివ్వాలో ఆవిడకు ఒక్క క్షణం పాలుపోలేదు. తర్వాత కోడలికి అందించింది. వెనక్కి వెళ్ళి, వంటింట్లోంచి స్టూలు కూడా తెచ్చి కోడలి పక్కన వేసింది.

వదిన బానెట్‌ అంచులకు కాగితం టేపు అంటించింది. తర్వాత పై నుంచి కింది దాకా సరిగ్గా మధ్యలో ఇంకో టేపు వేసింది.

“మధ్యలో ఎందుకు?” అడిగాడు మేనేజరు.

“సగమే చేస్తాను. ఆయన చేసింది ఆ సగంలో అలాగే ఉండనివ్వండి.”

“ఇదిగో, నా పరువు తీస్తావా?” అన్నాడు మేస్త్రి తగ్గు గొంతుతో.

“నీ రంగు జోలికి నేను రాలేదు. ఇంతకంటే నున్నగా రంగు కొట్టేవాడు ఎక్కడున్నా నేను ఒప్పుకోను. నీ పరువు ఆ రంగులో ఉంది, అది నీది. ఈ మెరుపు నాది.”

శనగగింజంత మందు నాలుగు చోట్ల చుక్కలు పెట్టింది. స్పాంజి తడిపి పిండి మిషనుకు తగిలించింది. రెండడుగుల చదరం, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. మిషను ఆమె చేతిలో గుయ్యిమనలేదు, నిద్రపోతున్న పిల్లి గురగురలాడినట్టు సణిగింది. అంచు దగ్గరికి రాగానే మిషను ఆపేసి చేత్తో చేసింది.

“అక్కడ మిషను ఎందుకు ఆపారు?”

“అంచు మీద రంగు పల్చగా ఉంటుంది. మిషను పెడితే లేచిపోతుంది. రంగు కొట్టేవాళ్ళకు ఎక్కించడం తెలిస్తే చాలు మేనేజరుగారూ. పాలిష్ అంటే తియ్యడం. గీత పోయేంత తియ్యాలి, రంగు పోయేలోపు ఆపాలి. ఆ తేడా కంటికి కనబడదు. చెవికి వినబడుతుంది, చేతికి తగులుతుంది.”

మేస్త్రి అది వింటున్నాడు. పదకొండేళ్ళలో ఆమె పని చేస్తుండగా అతను ఎప్పుడూ దగ్గరుండి చూడలేదు. తలుపు వేసుకోమని చెప్పిందీ అతనే.

వదిన కొత్త గుడ్డతో తుడిచి, మధ్య టేపు లాగేసింది.

కుడి సగంలో షెడ్డు రేకులు, వాటి మేకులు, వంగి చూస్తున్న మేనేజరు ముక్కు స్పష్టంగా కనబడుతున్నాయి. ఎడమ సగంలో కడిగినా వదలని తెల్లటి మందు మరకలు, మూడు గీతలు. గీసినట్టు మధ్యలో హద్దు.

మేనేజరు గొంతు సవరించుకుని, మేస్త్రినీ వదిననూ మార్చి మార్చి చూశాడు.

“నేను దాచకుండా మాట్లాడతాను. ఇలాంటి చెయ్యి మా షోరూంలో లేదు. కానీ మా వర్క్‌షాపులో ఆడవాళ్ళు లేరమ్మా, కస్టమర్లు ఎలా తీసుకుంటారో తెలియదు. ఒక పని చేద్దాం. ఉద్యోగం మేస్త్రిగారి పేరు మీద ఉంటుంది, ఆయన అక్కడ హెడ్డు. ముఖ్యమైన కార్లు ఇక్కడికి పంపిస్తాం. మీరు ఇంటి దగ్గరే తీరిగ్గా చేసుకోవచ్చు. ఈ సంగతి మన మధ్యే ఉంటుంది.”

మేస్త్రి మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. “చూశావా,” అన్నాడు, దాదాపు బతిమాలుతున్నట్టు. “నేను పొగ తప్పించుకుంటాను, నువ్వు గడప దాటక్కర్లేదు.”

“మంచి మాటే కదా వదినా,” అన్నాడు మరిది, తనకే నమ్మకం లేని గొంతుతో.

“పదకొండేళ్ళుగా జరుగుతున్నది అదే,” అంది వదిన. “మేనేజరుగారూ, మీరు కొత్తగా ఇచ్చిందేముంది?”

మేనేజరు నొచ్చుకోలేదు. ఫైలు తెరిచి, నింపిన కాగితం ఒకటి తీసి మేస్త్రికి అందించాడు. పైన మేస్త్రి పేరు అచ్చయి ఉంది. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది. జేబులోంచి పెన్ను కూడా తీసిచ్చాడు.

“ఇంట్లో మాట్లాడుకోండి. కానీ నాకు ఇవాళే తెలియాలి.”

మేస్త్రి పెన్ను మూత తీశాడు.

“సంతకం పెట్టుకో,” అంది వదిన. “నేను అడ్డు రాను. కానీ రేపటి నుంచి ఈ షెడ్డులోకి వచ్చే కార్లు నీ గాలికే ఆరాలి. నా చెయ్యి ఉండదు.”

అప్పుడు వినబడింది గేటు చప్పుడు.

*

లాయరమ్మ అనుకున్న వేళకంటే ముందే వచ్చింది. కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని, ఎవర్నీ పలకరించకుండా నేరుగా తన కారు దగ్గరికి నడిచింది. బానెట్ ముందు ఆగింది. కళ్ళద్దాలు మళ్ళీ కిందికి దించుకుంది.

“ఇదేంటి మేస్త్రిగారూ! సగం అద్దం, సగం మసిగుడ్డ. ఒక్క చేతి పనిలా లేదే. ఏ సగం ఎవరు చేశారు?”

మేనేజరు ఫైలు మూశాడు. మేస్త్రి పెన్ను, కాగితం వెనక్కి పెట్టుకున్నాడు, తేలు కుట్టిన దొంగలా. చెప్పొద్దని కళ్ళతో వేడుకున్నాడు. పొద్దున పెరట్లో చూసిన చూపు కాదది. అందులో ఆజ్ఞ లేదు, భయమే ఉంది. ఆ భయం చూసి వదిన గుండె ఒక్కసారి మెత్తబడింది. ఇరవై ఏళ్ళ కాపురం. ఆ దగ్గు. ఒక్క మాట మింగేస్తే ఈ పూట గడిచిపోతుంది. అలాంటి పూటలు ఎన్ని గడిచాయో లెక్కపెట్టుకోబోయి మానేసింది.

“ఆ కుడి సగం నేను చేశాను లాయరమ్మగారూ,” అంది. “ఎడమ సగం కూడా ఇప్పుడే సరిచేసి ఇస్తాను, ఆ గీతలు పోతాయి. పోయిన ఏడాది మీ కారు గేటుకు రాసుకుపోయినప్పుడు డోరు చేసిందీ నేనే. పదకొండేళ్ళుగా ఈ షెడ్డులోంచి వెళ్ళిన ప్రతి కారూ నేనే పాలిష్ చేశాను. ఇక్కడి గాలిలో ఏమీ లేదు.”

అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కొడుకు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు, సాయానికీ రాలేదు.

లాయరమ్మ వదినను పైనుంచి కింది దాకా చూసింది. ఆ మోచేతుల దగ్గర చూపు కాసేపు ఆగింది. తర్వాత మేస్త్రి వైపు తిరిగింది.

“ఒక పక్షం చెప్పింది విన్నాను. నా వృత్తిలో రెండో పక్షం కూడా వినాలి. మేస్త్రిగారూ, మీ ఆవిడ చెప్పింది నిజమేనా?”

“మేస్త్రిగారూ, తొందరపడి ఏమీ చెప్పక్కర్లేదు,” అన్నాడు మేనేజరు మెల్లిగా. “ఆలోచించుకోండి.”

మేస్త్రి నోరు తెరిచాడు. దగ్గు వస్తుందనుకున్నారు అందరూ. రాలేదు. పెన్ను పట్టుకున్న తన చేతి వంక చూసుకున్నాడు. పెన్నునూ కాగితాన్నీ స్టాండు మీద, గుడ్డల దొంతర పక్కన పెట్టాడు. రెండో చేత్తో ఉంగరం పట్టుకుని లాగాడు.

సంఘం వాళ్ళు తొడిగాక ఏడేళ్ళలో ఒక్కసారి కూడా తియ్యని ఉంగరం. వేలు లావెక్కింది. ఉంగరం కణుపు దాకా వచ్చి ఆగిపోయింది. తిప్పాడు, గుంజాడు, వేలు ఎర్రబడింది.

వదిన వంగి, ఎడమ సగం మీద కొత్త టేపు అంటించడం మొదలుపెట్టింది. తల ఎత్తలేదు.

“సబ్బునీళ్ళు ఆ బకెట్లో ఉన్నాయి,” అంది.